కింది గదికి గాలి

దుమ్ము లేచిన రోజు

ఇంజను ఎప్పుడు లేపాం, ఎప్పుడు ఆపాం, ఎందుకు మొండికేసింది, ఇవన్నీ రాసిపెట్టాలని మేం కాపురముంటున్న ఈ పాత గని కట్టుబాటు. రాసేవాణ్ణి నేనే, చదివేవాణ్ణీ నేనే. నా తర్వాత ఈ పని ఎవడి నెత్తిన పడుతుందో వాడి కోసం రాస్తున్నాను. వాడు నాకంటే ఓపిక గలవాడైతే బాగుంటుంది. ఈ ఇంజనువి అచ్చం నా బుద్ధులే. పొద్దున ఎవరైనా పలకరిస్తే చాలు, కసురుకుంటుంది.

ఈ రోజు లేచేసరికి పడమటి కొండ కనపడలేదు. మధ్యాహ్నానికి సూర్యుడూ లేడు. గని నోటి దగ్గర పరిచిన సోలారు ప్లేట్ల మీద వేలు పెడితే గోరు మునిగింది. ఇక వాన పడేదాకా వాటికి పని లేదు. ప్లేట్లు పడుకుంటే కింది గదికి గాలి తోసే పంకా ఆగుతుంది. అప్పుడు పంకాకు బెల్టు మార్చి ఇంజను లేపాలి. ఏటేటా ఉండే తంతే.

మిగతా జనమంతా దుమ్ము కాలంలో ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పై సొరంగంలో గడుపుతారు. నా భార్య సుంకులమ్మకు ఆ భాగ్యం లేదు. గాలికి లేచే ఈ ముగ్గురాయి పిండిని పుట్టినప్పటి నుంచి మింగి మింగి ఆమె ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. దుమ్ములో ఒక పూట ఉంటే నెత్తురు దగ్గుతుంది. అందుకే ఈ కాలమంతా కింది గదిలోనే ఉంటుంది. అక్కడికి దుమ్ము రాదు, కానీ గాలీ రాదు. పైగా రాతిలోంచి ఊపిరి ఆపే చచ్చుగాలి ఊరుతుంది. పైనుంచి పంకా తోస్తేనే కింద మనిషి బతికేది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు. మా కాపురం ఆ రెంటికీ నడుమ ఉన్న జానెడు చోట్లో సాగుతోంది.

టాంకులో పెట్రోలుకు బదులు మేం కాచే సారా పోసి, మూత బిగించి, తాడు లాగాను. మొదటి లాగుడుకే లేచింది. బెల్టు తగిలించి, ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకుందబ్బా అనుకుంటూ సుంకులమ్మకు చెబుదామని కిందికి దిగాను. చెబుతూ ఉండగానే పైన మోత గుడగుడమని తగ్గి, ఆగిపోయింది.

"ఏమయ్యో, నీ ఇంజను దగ్గి ఊరకుండిపోయె," అంది.

"దానికీ నీ రోగమే అంటుకుండాది."

"నా రోగానికి మందు ల్యాదు గానీ దానికి ఉంటాది. పోయి సూడు పో."

మర్నాడు

మళ్లీ అదే తీరు. లేస్తుంది, కుండలో నీళ్లు మరిగేంత సేపు బాగా తిరుగుతుంది, తర్వాత ఆకలేసినట్టు నీరసపడి ఆగుతుంది. వెంటనే తాడు లాగితే లేవదు. కాసేపు దాని మానాన దాన్ని వదిలేస్తే మళ్లీ లేస్తుంది.

ముందు గాలి ఫిల్టరు విప్పాను. లోపల మూడు చపాతీలకు సరిపడా పిండి. దులిపాను, సారాలో కడిగాను, ఆరబెట్టాను. తేడా లేదు. ఫిల్టరు లేకుండానే తిప్పి చూశాను, తడిగుడ్డ అడ్డం పట్టుకుని. అదే కథ. ప్లగ్గు విప్పి గరుకు రాతి మీద రుద్దాను. మెరుపు నీలంగా, పుష్టిగా వస్తోంది. ప్లగ్గు తప్పు లేదు.

సారాలో నీళ్లు కలిశాయేమోనని గరిటెలో కొంచెం పోసి అంటించాను. చివరి చుక్క దాకా మండింది, గరిటె అడుగున తడి మిగల్లేదు. కిత్తనార దుంపలు ఉడకబెట్టి తీసే ఈ సారా తాగితే కళ్లు పోతాయి. అయినా తాగి చూసిన మహానుభావులు ఉన్నారు కాబట్టి దానికి ఒక గది, గదికి తాళం, తాళానికి లాలెప్ప మామ. గనికి పెద్ద ఆయనే. నేను ఎందుకడుగుతున్నానో తెలిసీ, డబ్బా చేతికిచ్చే ముందు నా నోరు వాసన చూశాడు.

"ఇంజను తిరగల్ల, సారా తరగగూడదు. నీ తెలివంతా సూపియ్యప్పా," అన్నాడు.

కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం గుండులా ఉండాలి. ఇదీ ఆయన లెక్క. అలా అని ఆయన్ను తిట్టలేను. వాన పడేదాకా బావిలో నీళ్లు తోడాల్సిందీ ఈ సారాతోనే.

ఇంజను ఆగినప్పుడల్లా పై సొరంగంలో వాళ్లు సైకిలు చక్రానికి బెల్టు తగిలించి వంతులవారీగా తొక్కుతున్నారు. దానితో వచ్చే గాలి ఎంతో చెప్పడానికి కింద దీపం ఉంది. పంకా ఇంజను మీద తిరిగితే దీపం వేలెడు వెలుగుతుంది. సైకిలు తొక్కితే కందిగింజంత.

ఇంకో రోజు

ఈ రోజంతా కార్బ్యురేటరు. విప్పి, గుడ్డ మీద ముక్కలన్నీ వరసగా పేర్చుకున్నాను. లోపలి సన్న రంధ్రంలో తీగపోగు దూర్చి తీశాను, నోటితో ఊదాను. శుభ్రంగా ఉంది. పోయినేడు దుమ్ము కాలం అయ్యాక ఇంజనును మూల పెట్టేటప్పుడు నేనే కడిగి పెట్టాను, శుభ్రంగా ఉండక ఏం చేస్తుంది. తేలుడు బిళ్ల చూశాను, తేలుతోంది. టాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు ఊడదీసి ఊదాను, గాలి సాఫీగా పోయింది. అన్నీ బాగున్నాయి, ఇంజను మాత్రం బాగా లేదు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్లు ఉంటారు.

మళ్లీ బిగించి తాడు లాగితే అదే ఆకలి. ఆగబోయే ముందు గాలిని తగ్గించే చోక్ సగం మూస్తే ఇంకో నాలుగు గుక్కలు తిరిగింది. అంటే దానికి సారా చాలడం లేదు. ఎక్కడో దారిలో అడ్డు ఉంది. దారి మొత్తం విప్పి చూశాను కదా, అడ్డు ఎక్కడ?

టాంకులో సారా ఉందా లేదా అని మూత తిప్పినప్పుడు సుయ్‌మని ఒక చప్పుడు. లోపల సారా ఆవిరి బుసకొడుతోంది అనుకున్నాను. సారా సగం పైనే ఉంది. ఆవిరి ఇంకా పోకుండా గబుక్కున మూసేశాను.

మూతల గురించి ఒక మాట. ఇక్కడ పిల్లలకు అక్షరాల కంటే ముందు మూతలు నేర్పుతాం. నీళ్లయినా, సారా అయినా, నూనె అయినా, మూత తీసి ఉంచితే ఈ వేడికి పొద్దుటికల్లా సగమవుతుంది. తెరిచిన మూత తెంచిన గొంతు అంటాం. మూత వేశాక దాని మీద రెండుసార్లు అరచేత్తో తట్టాలి. పెళ్లిలో కొత్తకోడలు మొదట చేసే పని అత్తగారింటి కుండల మూతలు తట్టడం. దుమ్ము కాలానికి ముందు వచ్చే అమావాస్యకు గనిలో మూతలన్నిటికీ కొత్త మైనం పెడతారు. ఎప్పుడూ పై సొరంగం మూతలు బసమ్మవి, కింది గదివి సుంకులమ్మవి. బసమ్మకు ఇంజనంటే భయం, దాని ఛాయలకు పోయేది కాదు. ఈ ఏడు బసమ్మ కుటుంబం నీళ్లు వెతుక్కుంటూ తూర్పుకు పోయింది. సుంకులమ్మ ఒక్కతే, మెట్టు మెట్టుకూ కూర్చుని దగ్గుతూ, గని మొత్తం తిరిగి మూతలన్నీ పూర్తి చేసింది. ఎవరు వద్దన్నా వినలేదు. ఆ రోజు పడుకునేటప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. పందెం గెలిచిన పొట్టేలు కూడా అంత గర్వపడదు.

సాయంత్రం ఖాసింబీ కిందినుంచి వచ్చింది. సుంకులమ్మ పక్కన వంతులుగా కూర్చునే ఆడవాళ్లలో ఎక్కువ సేపు కూర్చునేది ఈ పిల్లే. మెట్లెక్కి వచ్చి, తలపోటని గోడకు ఆనుకుని కూలబడింది.

"అన్నా, దీపం మినుకుమినుకుమంటాండాది. వదిన మాట్లాడతాండాది గానీ మాట సగంలో నిద్దరపోతాండాది."

నిద్ర కాదది, చచ్చుగాలి మత్తు. ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ మర్నాడు

లాలెప్ప మామ ఇంజను వంతుకు చివరి డబ్బా ఇచ్చాడు. ఈసారి నా నోరు వాసన చూడలేదు. "ఇదైపోతే నన్ను అడగొద్దు మద్దిలేటీ. అడిగితే ఇయ్యకుండా ఉండలేను, ఇస్తే అందరం నీళ్లు ల్యాక సస్తాం," అన్నాడు. ఇంతకాలం ఆయన పిసినారి అనుకున్నాను. పిసినారే, కానీ ఆ మాటంటూ ఆయన నా ముఖం చూడలేకపోయాడు.

పొద్దుటి వంతులో సైకిలు తొక్కుతూ ఇద్దరు పడిపోయారు. పైన దుమ్ము అంత చిక్కగా ఉంది, తడిగుడ్డలు బురద గుడ్డలవుతున్నాయి. సైకిలునూ నమ్ముకోలేమని తేలిపోయి ఒక పని చేశాం. సుంకులమ్మను పైకి తెద్దామని అనుకున్నాం. ముఖానికి నాలుగు మడతల తడిగుడ్డ చుట్టి, నేనూ ఖాసింబీ చెరో పక్క పట్టుకుని మెట్లెక్కించాం. సగం మెట్లు ఎక్కేసరికి దగ్గు అందుకుంది. గుడ్డ ఎర్రబడింది. ఆమె మెట్టు మీద కూర్చుని, నా చొక్కా పట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

"కిందికే పాయ్యా. ఈ దగ్గుతో సచ్చేకంటే నిద్దరలో పోయేది మేలు."

మళ్లీ దించాం. నేను ఏడ్చాను, దాచేదేముంది. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి.

"నీకు ఆ ఇంజను సంగతి తెలిసినంత నా సంగతి తెల్సుంటే బాగుండు," అంది కాసేపటికి. ఎగతాళికే అంది. పెళ్లయినప్పటి నుంచీ ఈ మాట అంటూనే ఉంది.

"దాని సంగతీ తెలీదని తేలిపాయె గదా," అన్నాను.

నవ్వింది. ఆ నవ్వుకు కూడా దీపం వంక చూసుకున్నాను, తగ్గిందేమోనని.

అదే రోజు, పొద్దు వాలాక

ఇది వివరంగా రాయాలి.

చివరి డబ్బాలో సగం టాంకులో పోశాను. పోస్తుండగా కళ్లు తిరిగాయి. డబ్బా కింద పెట్టి, తాడు లాగి, బెల్టు తగిలించి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎలాగూ ఆగిపోతుంది, ఆగిన చప్పుడు వినడానికి మెట్లు దిగి ఎక్కడమెందుకు అనుకున్నాను.

ఆగలేదు.

నీళ్లు మరిగేంత సేపు అయింది. అన్నం ఉడికేంత సేపూ అయింది. గొంతు మారలేదు. నాకు నమ్మకం కలగలేదు, కదిలితే ఎక్కడ బెదురుతుందోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఇంతలో ఖాసింబీ పైకి వచ్చింది. దీపం పెద్దదైందని చెప్పడానికి వచ్చింది పాపం. చెప్పకముందే ఆమె కళ్లు టాంకు మీద పడ్డాయి.

"అయ్యో అన్నా, మూత," అంది. ఎంత మెల్లగా అందంటే, నేను బట్టల్లేకుండా కూర్చున్నట్టు సిగ్గుపడింది నా తరఫున. పరుగున పోయి మూత బిగించి, రెండుసార్లు తట్టింది.

నేను మూత వేయడం మర్చిపోయాను. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. తలవంచుకుని కూర్చున్నాను. కాసేపటికి ఇంజను గొంతు సన్నబడింది. ఆకలి. గుడగుడ. ఆగింది.

ఖాసింబీ తన చేతులు చూసుకుంది, తనేదో పాడు చేసిందేమోనని. నేను లేచి మూత తిప్పాను. సుయ్‌మంది. ఈసారి చెవి దగ్గర పెట్టి విన్నాను. లోపలి నుంచి ఏదీ బయటికి రావడం లేదు. బయటి గాలే లోపలికి పోతోంది.

మూత తీసి తాడు లాగాను. లేచింది, తిరిగింది. మూశాను, కాసేపటికి ఆగింది. తెరిచాను, తిరిగింది. సారా కిందికి దిగాలంటే దాని చోటులోకి పైనుంచి గాలి రావాలి. గాలి రాకపోతే సారా దిగదు. ఎంత చిన్న సంగతి. సీసాకు వేలు అడ్డం పెట్టి తలకిందులు చేస్తే నీళ్లు కారవని గనిలో ప్రతి పిల్లవాడికీ తెలుసు.

మూతను దీపం దగ్గరికి తీసుకుపోయి చూశాను. నడిమధ్యలో ఒక చిల్లి. సూది మొనంత. ఇంజను చేసినవాళ్లు కావాలని పెట్టిన చిల్లి. మూతకు చిల్లి ఉంటే మా వాళ్లు ఏమనుకుంటారు? చెడిపోయింది అనుకుంటారు. దాని నిండా మైనం. పైపైన పూసింది కూడా కాదు, లోపలిదాకా కూరి, పైన బొటనవేలితో చదును చేశారు. ఆ వేలి ముద్ర అలాగే ఉంది, పక్కన గోరు విరిగిన గాటుతో సహా. సుంకులమ్మ కుడిచేతి బొటనవేలి గోరు పోయిన ఎండాకాలం తలుపు సందులో పడి విరిగింది. మళ్లీ సరిగా రాలేదు.

ఖాసింబీ నా భుజం మీదుగా చూసింది. ఆమె కూడా ఆ చేతి వంట తిన్నది, ఆ చేత్తో జడ వేయించుకున్నది. నోటి మీద కొంగు అడ్డం పెట్టుకుంది.

"వదినకు చెప్పొద్దు," అన్నాను.

"ఏం చెప్పల్ల? నేనేం సూడ్లేదన్నా," అంది.

కార్బ్యురేటరుకు వాడిన తీగపోగుతో ఆ మైనం పొడిచి తీశాను. తీస్తుంటే ఆ ముద్ర చెరిగిపోయింది. మూత బిగించి తాడు లాగితే ఇంజను లేచింది. ఇక ఆగలేదు.

కిందికి దిగాను. దీపం వేలెడు వెలుగుతోంది. కానీ సుంకులమ్మ పెదవులు నేరేడుపండు తిన్నదానిలా ఉన్నాయి. గాలి వస్తోంది, తీసుకునే బలమే ఆమె దగ్గర లేదు. ఇన్ని రోజుల చచ్చుగాలి తన పని తాను చేసి పెట్టుకుంది.

"తిరుగుతాండాదే," అంది, చెవి పెట్టి వింటూ. "ఏముండె దాంట్లో?"

"కార్బ్యురేటర్లో రవ్వంత చెత్త."

"అంతేనా? దానికి ఇన్ని దినాలా?"

"అంతే. నా తెలివి అంతే."

చేత్తో నా మోకాలి మీద తట్టింది. రెండుసార్లు, మూత తట్టినట్టు.

"మూత గట్టిగా బిగిచ్చినావా? నువ్వు మర్సిపోతావు."

"బిగిచ్చినా."

"ఈ యేడు నేను పెట్టిన మైనం యానాటికీ ఊడదు సూడు. ఆ బసమ్మ పైపైన పూసి పోతాండె. నీ ఇంజను మూతకు నడాన చిల్లి బొక్క ఉండె, ఎవురూ పట్టిచ్చుకోల్యా. నేను ఊరకుంటానా?"

"నువ్వెందుకు ఊరకుంటావులే," అన్నాను.

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బొటనవేలి గోరు మీద నా వేలు ఆనకుండా పట్టుకున్నాను.

ఇవ్వాళ

సుంకులమ్మ పొద్దున పోయింది. అడిగి గంజి తాగింది. రెండు గుక్కలు మింగి, ఉప్పు చాలలేదంది. ఉప్పు తెచ్చేలోపల పోయింది. పైన ఇంజను తిరుగుతూనే ఉంది. దీపం బ్రహ్మాండంగా వెలుగుతోంది.

నా తర్వాత ఇంజను చూసేవాడా, నీకు చెప్పాల్సింది చెబుతాను. ఇంజను లేచి, కాసేపు తిరిగి, ఆగిపోతుంటే, ఏదీ విప్పకముందు టాంకు మూత వదులు చేసి చూడు. మూతకు నడుమ చిల్లి ఉంటుంది. అది ఉండాల్సిందే. దాన్ని మూయొద్దు, ఎవరినీ మూయనీయొద్దు. ఎవరు మూశారని మాత్రం అడగొద్దు. ఈ గనిలో మంచి పెంపకంలో పెరిగినవాళ్లెవరైనా మూసేస్తారు.

సుంకులమ్మను పైకి తెచ్చేటప్పుడూ ఇంజను తిరగనిచ్చాను. కింద ఆమెతో ఉన్నవాళ్లకు గాలి కావాలి కదా. ఖాసింబీ ఆమె ముక్కుకు తడిగుడ్డ కట్టబోయి, ఆగి, గుడ్డను చేతిలోనే ఉండ చుట్టుకుంది. మెట్లన్నీ ఎక్కించాం. ఈసారి దగ్గలేదు.

ఇప్పుడు కింద ఎవరూ లేరు. పంకా ఖాళీ గదికి గాలి తోస్తోంది. ఇంజను ఆపమని లాలెప్ప మామ అడగలేదు. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని దూరంగా నిలబడి, నేల చూస్తున్నాడు. టాంకులో ఇంకా సారా ఉంది. దానితో ఎంతోకొంత నీళ్లు తోడుకోవచ్చు. జనం తాగాలి.

లేచి ఇంజను దగ్గరికి పోయాను. ఇన్నాళ్లూ అదే ఆగేది, నేను తాడు లాగి లాగి లేపేవాణ్ణి. ఈ రోజు దాని గొంతులో ఏ లోపమూ లేదు, ఇంకెంత సేపైనా తిరుగుతుంది. మీట నొక్కి నేనే ఆపాను.